నాలుగు గోడల నడుమ పంట: వెలుతురు, వేడిమి

(ఒక కళాశాల విజ్ఞానశాస్త్ర సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ప్రసంగానికి విషయాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛను సంఘంవారు నాకే వదిలిపెట్టారు. సాధించిన విజయాన్ని గురించి చెప్పడం సులభం. విద్యార్థులకు ఎక్కువ పనికివచ్చేది పొరపాటు నుంచి నేర్చుకొన్న పాఠమని నా నమ్మకం. కాబట్టి మా చేతుల మీదుగా జరిగిన ఒక నష్టంతో ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన కోస్తా ప్రాంతపు కళాశాలలో ఆరుగురు విద్యార్థులు మట్టిలేని సేద్యం చేసి చూడాలని ఉత్సాహపడ్డారు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల ఒక పాత సామానుగదిని శుభ్రం చేశాము. గొట్టాలలో పోషకద్రావణాన్ని ప్రవహింపజేసి, పైన రెండు 400 వాట్ల సోడియం దీపాలు వ్రేలాడదీశాము. అవి వీధిదీపాలకు వాడే జాతివి. ఆనాడు మాకు లభించినవి అవే. పాలకూర, కొత్తిమీర, లెట్యూస్ అనే విదేశీ ఆకుకూర నాలుగు వారాలలో కన్నులపండువుగా పెరిగాయి. మార్చి నెలాఖరున ఒక శనివారం సాయంత్రం తలుపు వేసి ఇళ్ళకు వెళ్ళాము. ఆ రాత్రి గాలిని బయటికి తోసే ఫాను తాలూకు ఫ్యూజు పోయింది. దీపాలది వేరే లైను. గడియారపు మీట వాటిని యథాప్రకారం వెలిగిస్తూనే ఉన్నది. సోమవారం ఉదయం తలుపు తీసేసరికి కుంపటి మీది గాలి ముఖానికి కొట్టినట్లయింది. ఆకులన్నీ వాలిపోయాయి. తొట్టిలోని ద్రావణం స్నానానికి కాచిన నీళ్ళవలె ఉన్నది. తెల్లగా ఉండవలసిన వేళ్ళు గోధుమరంగుకు తిరిగి జిగురుపట్టాయి.

ఆ జట్టులోని ఒక అమ్మాయి, “మాస్టారూ, మనం ఇచ్చిన వెలుతురే వీటిని చంపిందా?” అని అడిగింది. ఆనాడు నేను చెప్పిన సమాధానం అసంపూర్ణమైనది. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నకు సంపూర్ణ సమాధానం చెప్పే ప్రయత్నం.

మట్టిలేని సేద్యం మన ఉపఖండానికి పూర్తిగా కొత్త కాదు. శ్రీనగరంలోని దాల్ సరస్సుపై నీటిమొక్కలను పేర్చి, తేలియాడే మడులు కట్టి కూరగాయలు పండించే రైతులున్నారు. బంగ్లాదేశ్ పల్లపు ప్రాంతాలలో గుర్రపుడెక్కను మెత్తలుగా పేర్చి, వరదనీటిపైనే నారు పోస్తారు. ఆ తేలియాడే తోటలను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2015లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. లవణాలు కరిగించిన నీటిలో మొక్కను పెంచవచ్చునని 19వ శతాబ్దపు నడుమ జర్మనీలో యూలియస్ ఫాన్ జాక్స్ మున్నగు శాస్త్రజ్ఞులు నిరూపించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికే ఈ పద్ధతిని ప్రయోగశాల నుంచి పంటస్థాయికి తెచ్చి, 1937లో దానికి హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తీసుకువచ్చాడు. మన దేశంలో షోల్టో డగ్లస్ అనే ఆయన 1946లో బెంగాలులోని కాలింపాంగులో ఈ విధానంపై ప్రయోగాలు ఆరంభించాడు. ఇవన్నీ సూర్యకాంతిపై ఆధారపడిన సేద్యాలే. సూర్యుని స్థానంలో దీపాన్ని నిలిపినప్పుడు కొత్త సమస్య ఎదురవుతుంది. దాని పేరే వేడిమి.

దీపం నుంచి వేడిమి ఎట్లా వస్తున్నదో మొదట పరిశీలిద్దాము. కిరణజన్య సంయోగక్రియకు మొక్క ప్రధానంగా వినియోగించుకొనేది 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని. పాతకాలపు తీగదీపం తాను తీసుకొన్న విద్యుత్తులో నూటికి తొంభై పాళ్ళకు మించి వేడిమిగానే వెదజల్లుతుంది. సోడియం దీపం అంతకంటే చాలా మేలు. అయినా దాని గాజుగొట్టం వందలాది డిగ్రీల వేడికి చేరుతుంది. అది వెలువరించే పరారుణ కిరణాలు వెలుతురుతోపాటు నేరుగా ఆకుపై పడతాయి. ఎల్.ఇ.డి. దీపం స్వభావం వేరు. అందులో కాంతి ముందుకు పోతుంది; వేడిమి చాలావరకు వెనుకవైపున, పప్పుబద్దకంటే చిన్నదైన చిప్‌లో పుడుతుంది. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని కనుగొన్నందుకు అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు కాంతికి నీలికాంతి తోడైన తరువాతనే ఎల్.ఇ.డి. దీపాలు మొక్కల పెంపకానికి సంపూర్ణంగా అక్కరకు వచ్చాయి. ఈనాటి మేలురకం దీపాలు తాము తీసుకొన్న విద్యుత్తులో సగాన్ని, కొన్ని అంతకు మించి, కాంతిగా మారుస్తున్నాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. సగం కాంతిగా మారితే గదిలో చేరే వేడిమి సగమే కదా అనుకొంటారు. అది నిజం కాదు. ఆ కాంతి ఆకులపై, గోడలపై, నేలపై పడి అంతమవుతుంది. అందులో మొక్క తన దేహంలో దాచుకొనేది నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే. మిగిలినదంతా చివరకు వేడిమే. శక్తి నశించదన్న సూత్రాన్ని మీరు ఉన్నత పాఠశాలలోనే చదువుకొన్నారు. మూసిన గదిలో 1000 వాట్ల దీపం, ఏ జాతిదైనా సరే, దాదాపు 1000 వాట్ల వేడిమిని నింపుతుంది. మరి ఎల్.ఇ.డి. వలన లాభమేమిటి? అంతే వెలుతురును తక్కువ వాట్లతో ఇవ్వడం ఒక లాభం. వేడిమిలో పెద్ద భాగం దీపం వెనుకనే ఉండడం వలన, ఆకును చేరకముందే దానిని తొలగించే వీలు కలగడం రెండవది.

మా గది లెక్క చూడండి. దాని ఎత్తు కూడా పదడుగులే. అందులోని గాలి సుమారు 34 ఘనమీటర్లు, బరువు దాదాపు 40 కిలోలు. 800 వాట్ల వేడిమి అంత గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 50 సెకండ్లు చాలు. గోడలు, నేల, నీరు కొంత వేడిని పీల్చుకొంటాయి గనుక నిజానికి అంత వేగంగా జరగదు. అయినా ఒక పగలు, రెండు రాత్రులు గడిచేసరికి ఏమై ఉంటుందో ఊహించవచ్చు.

వేడిమి మొక్కను ఎట్లా బాధిస్తుంది? మొదటి దెబ్బ ఆకుకు. మొక్క తన పత్రరంధ్రాల ద్వారా నీటిని ఆవిరిగా విడిచి చల్లబడుతుంది. దీనినే బాష్పోత్సేకం అంటాము. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి ఒక విద్యుత్ యూనిట్‌లో మూడింట రెండువంతుల శక్తి, అంటే సుమారు 0.68 యూనిట్ కావాలి. ఆ శక్తి ఆకు నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ వస్తుంది గనుక చల్లదనం కలుగుతుంది. గాలి మితిమీరి వేడెక్కి పొడిబారితే మొక్క నీటిని కాపాడుకోవడానికి రంధ్రాలు మూసుకొంటుంది. అప్పుడు చల్లబడే దారీ మూతపడుతుంది, బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చే దారీ మూతపడుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. మొక్క ఆకలితో ఉంటుంది. గాలిలో తేమ నిండిపోతే మరొక చిక్కు. ఆవిరి పోవడానికి చోటుండదు. నీటితోపాటు ఎగబ్రాకవలసిన కాల్షియం లేత ఆకులకు అందదు. లెట్యూస్ లోపలి ఆకుల కొనలు మాడినట్లయ్యేది ఇందువల్లనే.

రెండవ దెబ్బ వేరుకు. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు కరిగే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములే. అదే సమయంలో వెచ్చదనం వలన వేరు శ్వాసక్రియ హెచ్చి, దాని అవసరం పెరుగుతుంది. ఈ బలహీన స్థితిలో పిథియం అనే సూక్ష్మజీవి వేరుకుళ్ళును కలిగిస్తుంది. ఆ సోమవారం మేము చూసిన గోధుమరంగు జిగురు అదే. ఆ అమ్మాయి ప్రశ్నకు నా సమాధానం ఇది: మొక్కలను చంపింది వెలుతురు కాదు, వెలుతురు తన పని ముగించుకొన్న తరువాత మిగిల్చిన వేడిమికి మేము బయటికి దారి చూపకపోవడం.

ఇక నివారణోపాయాలు.

మొదటిది, అవసరమైనంత వెలుతురునే ఇవ్వడం. ఆకుకూరకు పండ్లకూరగాయలకిచ్చేటంత కాంతి అక్కరలేదు. పెట్టని వాట్లను తొలగించే శ్రమ ఉండదు. తెల్లని గోడలు, పరావర్తన ఫలకాలు ప్రక్కలకు పోయే కాంతిని మొక్కవైపు త్రిప్పుతాయి. దీపానికీ ఆకుకూ మధ్య దూరాన్ని మొక్క ఎదుగుదలనుబట్టి మార్చుతూండాలి. అరచేతి వెనుకభాగాన్ని ఆకు ఎత్తున అరనిమిషం ఉంచి చూడండి. చేతికి ఓర్వలేని వేడి ఆకుకూ ఓర్వలేనిదే. దీపం తాలూకు చోక్, డ్రైవర్ వంటి పరికరాలను గది వెలుపల బిగిస్తే వాటి వేడిమి లోపలికి రానేరాదు. అరటి పిలకలను కణజాల వర్ధనం ద్వారా పెంచే ప్రయోగశాలలకు ఈ సూత్రం చక్కగా వర్తిస్తుంది. అక్కడ అరలనిండా దీపాలుంటాయి. వాటి వేడిని తోడివేయడానికి ఏర్కండిషనర్లు తిరుగుతూంటాయి. దీపానికొక ఖర్చు, దాని వేడిమికి మరొక ఖర్చు.

రెండవది, గాలిని మార్చడం. మా 800 వాట్ల గది బయటి గాలికంటే 5 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే గంటకు సుమారు 480 ఘనమీటర్ల గాలిని మార్చాలి. అంటే నాలుగు నిమిషాలకొకసారి గదిలోని గాలి మొత్తం మారాలి. వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి బయటికి తోసే ఫాను పైభాగాన, చల్లని గాలి వచ్చే కిటికీ ఎదుటిగోడ క్రిందిభాగాన ఉండాలి. మొక్కల నడుమ చిన్న పంకా ఒకటి ఆకులను సన్నగా కదిలిస్తూండాలి. ఆకును అంటిపెట్టుకొన్న తేమపొర చెదిరితేనే బాష్పోత్సేకం సాగుతుంది.

అయితే బయటి గాలే 42 డిగ్రీలుంటే? ఇక్కడ మన దేశపు వైవిధ్యాన్ని గమనించాలి. జోధ్‌పూర్‌లోనో, ఢిల్లీలోనో, మన నిజామాబాదు, రామగుండం ప్రాంతాలలోనో నడివేసవి గాలి పొడిగా ఉంటుంది. 40 డిగ్రీల ఉష్ణోగ్రత, నూటికి 20 వంతుల తేమ గల గాలిని నీటితో తడిపితే సిద్ధాంతరీత్యా సుమారు 22 డిగ్రీలవరకు చల్లబరచవచ్చు. మన పెద్దలు గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లినది ఈ సూత్రం మీదనే. ఉత్తరాదిన ఖస్ తెరలు, ఎడారి కూలర్లు చేసే పని ఇదే. విశాఖపట్నంలో, చెన్నైలో, కలకత్తాలో పరిస్థితి వేరు. 34 డిగ్రీల ఉష్ణోగ్రత, నూటికి 75 వంతుల తేమ గల గాలిని ఎంత తడిపినా 30 డిగ్రీలకు దిగువకు రాదు. పైగా తేమ పెరిగి చీడ హెచ్చుతుంది. అక్కడ వట్టివేళ్ళు పనిచేయవు. వేడినీ తేమనూ రెండింటినీ తీసివేసే ఏర్కండిషనరే శరణ్యం. మొక్క ఆవిరిగా విడిచిన నీరు యంత్రంలో తిరిగి నీరుగా మారినప్పుడు దానిలో దాగిన గుప్తోష్ణం మళ్ళీ వెలువడుతుంది. యంత్రం మోయవలసిన బరువులో దానిని కూడా లెక్కించాలి. ఒక టన్ను ఏర్కండిషనరు తొలగించగలిగేది సుమారు 3500 వాట్ల వేడిమి అని గుర్తుంచుకొంటే లెక్క సులభమవుతుంది.

మూడవ ఉపాయానికి పైసా ఖర్చు లేదు. గదిలోని మొక్కకు పగలు, రాత్రి అన్నవి మన మీట నిర్ణయించేవే. బయట చల్లబడిన తరువాత, సాయంత్రం ఆరు నుంచి ఉదయం పది వరకు దీపాలు వెలిగించి, మండుటెండ వేళ మొక్కకు రాత్రి కల్పిస్తే సమస్య చాలావరకు తేలికపడుతుంది.

నాలుగవది, వేరును కాపాడడం. ద్రావణపు తొట్టిని దీపాల క్రింద ఉంచరాదు. నీడలో, వీలైతే నేలలో పాతిపెట్టి, మూతవేసి, చుట్టూ గోనెపట్టా కట్టి తడపాలి. పొడిగాలి వీచే చోట కుండలో నీరు చల్లబడినట్లే ఇదీ చల్లబడుతుంది. ఆకుకూరలకు 18 నుంచి 22 డిగ్రీల ద్రావణం శ్రేష్ఠం. చిన్న గాలిపంపు బుడగలు వదులుతూంటే ప్రాణవాయువు కొరత తీరుతుంది.

ఐదవది, పైరు ఎంపిక. లెట్యూస్, పాలకూర చలిని కోరుతాయి; వేడి హెచ్చితే పూతకు వచ్చి చేదెక్కుతాయి. కొత్తిమీరా త్వరగా పూస్తుంది. తోటకూర, బచ్చలి మన ఎండలకు అలవాటుపడినవి. తోటకూర కిరణజన్య సంయోగక్రియ మార్గమే వేడిమికి అనువైన తరగతికి చెందినది. గదిని మొక్కకు సరిపడా మార్చడానికి ముందు, గదికి సరిపడే మొక్క ఏదో ఆలోచించడం వివేకం.

చివరిది, అన్నింటికంటే ముఖ్యమైనది. ఫాను తిరగనిదే దీపం వెలగకూడదు. మొక్కల ఎత్తున ఒక థర్మోస్టాట్ అమర్చి, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటగానే దీపాలు వాటంతట అవే ఆరిపోయేటట్లు చేయాలి. రెండురోజుల చీకటిని మొక్క భరిస్తుంది. రెండురోజుల కొలిమిని భరించలేదు. నీరూ విద్యుత్తూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఎర్త్ తీగ, లీకేజీ బ్రేకరు తప్పనిసరి. మా గదిలో నష్టపోయినది నాలుగు వారాల శ్రమ మాత్రమే. అది అగ్నిప్రమాదంగా పరిణమించకపోవడం మా అదృష్టం.

ఈ సమస్య ఎంత సార్వత్రికమో తెలిపే ఒక ఉదాహరణ అంటార్కిటికాలో ఉన్నది. జర్మనీవారి నోయ్‌మాయర్ కేంద్రం వద్ద 2018లో ఈడెన్ ఐ.ఎస్.ఎస్. అనే మొక్కల గది పనిచేసింది. మట్టి లేదు, గాలిలో వ్రేలాడే వేళ్ళపై పోషకద్రావణం తుంపరగా పడుతుంది. పన్నెండున్నర చదరపు మీటర్ల స్థలంలో తొమ్మిదిన్నర నెలలలో 268 కిలోల ఆకుకూరలు, దోసకాయలు, టొమాటోలు మున్నగునవి పండాయి. బయట మంచుగాలి, సున్నకు ఎంతో దిగువన ఉండే చలి. అయినా లోపలి ఎల్.ఇ.డి. దీపాల వెనుక చల్లని ద్రవం ప్రవహించే గొట్టాలు అమర్చి వేడిమిని బయటికి పంపవలసి వచ్చింది. భూమిమీది అతి శీతల ఖండంలో కూడా దీపపు వేడిమి సమస్యే! గాలిలోని తేమను నీరుగా మార్చి తిరిగి వాడుకోవడం అక్కడి మరొక విశేషం.

మన లడఖ్‌లో శీతకాలమంతా పచ్చని ఆకు దొరకడం కష్టం. సైనికులకూ స్థానికులకూ కూరగాయలు అందించే మార్గాలను లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాల చిరకాలంగా అన్వేషిస్తున్నది. విజయవాడలో మనం డబ్బు పెట్టి తోసివేసే వేడిమి లేహ్‌లో గదిని వెచ్చజేసే వరం. వేడిమి తనంతట తాను మిత్రుడూ కాదు, శత్రువూ కాదు.

మరొక ఉదాహరణ మన ముంగిటిదే. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి బయలుదేరిన పి.ఎస్.ఎల్.వి. సి-60 రాకెట్టు చివరి దశలో ఒక చిన్న పెట్టెలో ఎనిమిది అలసంద గింజలున్నాయి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంవారు రూపొందించిన ప్రయోగమది. నాలుగు రోజులలో గింజలు మొలకెత్తాయి. తరువాత ఆకులు తొడిగాయి. ఆ పెట్టెలో ఉష్ణోగ్రతను అదుపుచేసే ఏర్పాటున్నది. ఎందుకో ఆలోచించండి. భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు. ఉష్ణసంవహనం సహజంగా జరగదు. పైకి, క్రిందికి అన్న భేదమే లేనిచోట వేడిమి పుట్టినచోటనే పేరుకొంటుంది. తెలుగునాట ప్రతి ఇంటా తెలిసిన అలసంద గింజ తెలుగు తీరం నుంచే ఎగిరి, కేరళలో తయారైన పెట్టెలో మొలకెత్తడం మనందరం గర్వించదగిన సంగతి.

కడపట ఒక ధర్మసందేహం. ఎండకు కొరతలేని దేశంలో విద్యుత్తుతో ఆకుకూర పండించడం సబబేనా? ఆకుకూరకు చాలినంత కాంతినివ్వడానికి చదరపు మీటరుకు మంచి ఎల్.ఇ.డి. దీపం 80 వాట్ల చొప్పున రోజుకు పదహారు గంటలు వెలగాలనుకొందాము. రోజుకు ఒకటింబావు యూనిట్. నెలకు సుమారు 38 యూనిట్లు. చల్లబరచే ఖర్చు దీనికి అదనం. అదే చదరపు మీటరుపై నడిమధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 1000 వాట్లు ఉచితంగా కురిపిస్తున్నాడు. కాబట్టి పెరడు ఉన్నవారు పెరటినే నమ్ముకోవాలి. నారుమడికి, కణజాల వర్ధనానికి, మంచుకొండకు, ధ్రువప్రాంతానికి, అంతరిక్షానికి దీపం. అన్నం పెట్టే పొలానికి సూర్యుడే.

ఆ విద్యార్థులు ఏమైనారని మీరు అడగవచ్చు. వారం రోజులు ఆ గదివైపు ఎవరూ వెళ్ళలేదు. తరువాత ఒకనాటి సాయంత్రం ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే ఒక థర్మోస్టాట్, రెండుమూరల తీగ పట్టుకొని నా గదికి వచ్చింది. దీపాలనూ ఫానునూ ఒకే లైనుకు కలిపాము. పాలకూరకు బదులు తోటకూర విత్తాము. వెలుతురును రాత్రికి మార్చాము. ఇరవై అయిదు రోజులకు కోసిన ఆ తోటకూరను వసతిగృహంలో పప్పులో వేసి వండించాము. దాని రుచి గొప్పదని చెప్పను. కాని ఆ పప్పు తిన్న వారెవరూ శక్తి నిత్యత్వ సూత్రాన్ని పరీక్షలో తప్పు వ్రాయలేదు.

మీలో ఎవరైనా ఇటువంటి తోట వేయదలిస్తే మొదట దీపాన్ని కొనవద్దు. ముందు ఒక ఉష్ణమాపకం కొని, మీ గది రోజంతా ఎట్లా వేడెక్కుతుందో, ఎట్లా చల్లారుతుందో వారంపాటు పుస్తకంలో వ్రాసుకోండి. తోట అక్కడ ప్రారంభమవుతుంది.